పట్టేసిన పాత ఔట్‌బోర్డు ఇంజను: తరచుగా అడిగే ప్రశ్నలు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. ఉప్పునీళ్లలో తిరిగి వచ్చిన ఔట్‌బోర్డును, అంటే బోటు వెనక తగిలించే ఇంజనును, కడగకుండా షెడ్డులో పడేస్తే జూన్‌లో స్టార్టర్ తాడు కదలదు. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్నవి, తుపానుకో వరదకో మునిగినవి సరేసరి. ఈ జవాబులన్నీ ఫైబర్ బోట్లకు వాడే 9.9 నుంచి 40 హార్స్‌పవర్ వరకు ఉన్న రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ పెట్రోలు ఇంజన్లకు, అంటే యమహా ఎండ్యూరో, సుజుకీ డీటీ తరహా వాటికి వర్తిస్తాయి. ఫోర్-స్ట్రోక్‌లో వాల్వులూ టైమింగ్ బెల్టూ ఉంటాయి. వాటికి ఈ పద్ధతి యథాతథంగా పనికిరాదు.

తాడు రావడం లేదు. ఇంజను పట్టేసినట్టేనా?

అలా అనుకోకండి. తాడు రాకపోవడానికి కనీసం నాలుగు కారణాలున్నాయి. వాటిలో రెండు అరగంట పని.

ముందు గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడండి. చాలా మోడళ్లలో గేరు పడి ఉంటే స్టార్టర్ తిరగకుండా అడ్డుపడే లాకు ఉంటుంది. దాని కేబులు తుప్పు పట్టి ఇరుక్కుంటే లివరు న్యూట్రల్‌లో ఉన్నా తాడు రాదు. తర్వాత, పైనున్న రికాయిల్ స్టార్టర్‌ను, అంటే తాడు చుట్టుకునే భాగాన్ని, విప్పి పక్కన పెట్టండి, మామూలుగా మూడు బోల్టులే. దాన్ని చేతిలో పట్టుకుని తాడు లాగితే రాలేదంటే తప్పు స్ప్రింగుదో పుల్లీదో. ఇంజనుకు ఏమీ కాలేదు.

ఇప్పుడు దాని కింద కనబడే బరువైన చక్రం, అంటే ఫ్లైవీలు, నట్టుకు సాకెట్ పెట్టి, గడియారం ముల్లు తిరిగే వైపు మెల్లగా తిప్పి చూడండి. కదలకపోతే లోయర్ యూనిట్‌ను, అంటే గేరు పెట్టె, పంకా ఉండే కింది భాగాన్ని, దించండి. గేరు రాడ్డు కనెక్షన్ విప్పి, చుట్టూ ఉన్న నాలుగైదు బోల్టులు తీస్తే నిలువు షాఫ్టుతో సహా కిందికి వస్తుంది. అది దిగాక ఫ్లైవీలు తిరిగితే పై ఇంజను బాగానే ఉంది, పట్టేసింది కింది గేర్లు గానీ వాటర్ పంపు గానీ. దిగాక కూడా తిరగకపోతేనే పిస్టన్ల దగ్గరో, అవి తిప్పే షాఫ్టు అయిన క్రాంకు బేరింగుల దగ్గరో పట్టేసిందని అర్థం. ఈ చిన్న పరీక్ష చేయకుండానే హెడ్డు విప్పి, బాగున్న ప్యాకింగులు చింపుకొనేవాళ్లు చాలామంది.

ఎందుకు పట్టేసిందో తెలుసుకుంటే ఏమిటి లాభం?

బాగుచేసే దారి కారణాన్ని బట్టి మారుతుంది. ఖాళీగా ఉండి తుప్పుతో పట్టేసిన ఇంజను వేరు, నడుస్తూ వేడెక్కి పట్టేసినది వేరు.

ఖాళీగా ఉన్నప్పుడు జరిగేది ఇది: అల్యూమినియం బ్లాకు లోపల ఇనుప స్లీవు, అంటే పిస్టన్ జారే గొట్టం, ఉంటుంది, పిస్టన్ రింగులు కూడా ఇనుమే. ఉప్పు తేమ తగిలి రింగూ స్లీవూ తుప్పుతో అతుక్కుపోతాయి. పిస్టన్ మాత్రం చాలాసార్లు బాగానే ఉంటుంది. ఇలాంటివి నానబెడితే వదులుతాయి.

నడుస్తూ పట్టేసిన దాంట్లో ఆయిలు తక్కువై, లేదా నీళ్లు తిరగక, పిస్టన్ అల్యూమినియం కరిగి స్లీవుకు పూసుకుపోయి ఉంటుంది. నూనె పోసి ఎన్నాళ్లు నానబెట్టినా ఉపయోగం అంతంతే. చల్లారాక ఒక్కోసారి దానంతటదే వదులుతుంది కూడా. దాన్ని చూసి మురిసిపోకూడదు, పిస్టన్ గీరుకుపోయే ఉంటుంది.

మూడోది, నడుస్తుండగానే బోటు తిరగబడి ఇంజను మునగడం. సిలిండర్లోకి నీళ్లు వెళ్తే అవి నొక్కుకోవు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగి ఉండొచ్చు. అలాంటి దాన్ని బలవంతంగా తిప్పకండి. నేరుగా విప్పడమే మేలు.

ఖర్చు పెట్టొచ్చా, పాత ఇనుముకు అమ్మేయాలా?

మూడు చోట్ల చూసి నిర్ణయించండి. బ్లాకులో నీళ్లు తిరిగే దారుల గోడలు ఉప్పుకు తినేసి చిల్లులు పడ్డాయా? గేరు పెట్టె పగిలిందా? బోటుకు బిగించే బ్రాకెట్ విరిగిందా? ఈ మూడింటిలో ఏ రెండు ఉన్నా వదిలేయండి. పిస్టన్లు, రింగులు, బేరింగులు, సీళ్లు, ప్యాకింగులు, వాటర్ పంపులో తిరిగే రబ్బరు ఇంపెల్లర్ ఎన్ని పోయినా కొత్తవి దొరుకుతాయి. యమహా 15, 40 ఎండ్యూరోలకు తీరప్రాంత పట్టణాల్లో సామాను తేలిగ్గా దొరుకుతుంది. ఎవరూ వాడని పాత అమెరికన్ మోడలైతే ఇంజను తెచ్చుకునే ముందే పిస్టన్ సెట్టు, క్రాంకు సీళ్లు దొరుకుతాయేమో వాకబు చేసుకోండి.

పిస్టన్లను వదులు చేసే పద్ధతి ఏమిటి?

తొందర పడకుండా చేయాల్సిన పని ఇదే, అందరూ తొందర పడేది కూడా ఇక్కడే.

ఔట్‌బోర్డులో సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉంటాయి, స్పార్కు ప్లగ్గులు వెనక వైపుకు ఉంటాయి. ఇంజనును నిలబెట్టి ప్లగ్గు కన్నంలో నూనె పోస్తే అది సిలిండరు అడుగు అంచునే తడిపి మిగతాది కారిపోతుంది. కాబట్టి లోయర్ యూనిట్ దించేశాక, ప్లగ్గు కన్నాలు ఆకాశం వైపు చూసేలా ఇంజనును ముందు వైపు మీద పడుకోబెట్టండి. కింద పాత టైర్లు గానీ గోనె సంచుల మూటలు గానీ పెట్టండి. అప్పుడు పిస్టన్ మీద నూనె నిలుస్తుంది.

పోయాల్సింది: ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ ఒక వంతు, అసిటోన్ ఒక వంతు. ఈ రెండూ కలిసి నిలవవు, విడిపోతుంటాయి, పోసేముందు ప్రతిసారీ సీసా కుదపాలి. అసిటోన్ దొరక్కపోతే ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్‌లో అంతే డీజిల్ కలిపినా పనిచేస్తుంది, కాకపోతే రోజులు ఎక్కువ పడతాయి. ఒక్కో సిలిండర్‌కు 30 మిల్లీలీటర్లు చాలు. 15 హార్స్‌పవర్ ఇంజనులో బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, 56 మిల్లీమీటర్లు, కాబట్టి ఆ కొలత పిస్టన్ మీద సెంటీమీటరు పైచిలుకు లోతున నిలుస్తుంది. అసిటోన్ ఆవిరికి మంట అంటుకుంటుంది. బీడీ, వెల్డింగు, గ్యాసు పొయ్యి దగ్గర్లో ఉండకూడదు.

ఈ ఇంజన్లలో ఒక పిస్టన్ పైన ఉంటే రెండోది కింద ఉంటుంది. పిస్టన్ కిందున్న సిలిండర్లో ఎగ్జాస్ట్ పోర్టు, అంటే పొగ బయటికి పోయే కన్నం, తెరిచి ఉంటుంది కాబట్టి పోసిన నూనె అటునుంచి జారిపోతుంది. అందుకని ఆ వైపు రోజుకు రెండుసార్లు మళ్లీ పోయాలి. కార్బురేటర్ మూతి నుంచి కూడా కొంత స్ప్రే చేయండి. రీడ్ వాల్వులు దాటి క్రాంకు బేరింగులకు చేరేది అదే.

మూడు నుంచి ఏడు రోజులు నానబెట్టండి. రోజుకోసారి ఫ్లైవీలు నట్టు మీద సాకెట్ పెట్టి అటూ ఇటూ చిన్నగా ఊపండి. హ్యాండిల్ 30 సెంటీమీటర్లకు మించొద్దు, పైపు తొడిగి పొడుగు చేయొద్దు. ఎడమవైపు ఊపేటప్పుడు క్రాంకుకు బదులు నట్టు వదులైపోతుంటే ఆపేయండి. ఒక్క డిగ్రీ కదిలినా గెలిచినట్టే. వెంటనే అదే వైపు లాగేయకుండా వెనక్కి తెచ్చి, మళ్లీ నూనె పోసి, మళ్లీ ముందుకు. తుప్పు పొడి రింగుల మధ్య ఇరుక్కోకుండా బయటికి రావడానికి ఈ అటూ ఇటూ ఊపుడే మార్గం.

కదలకపోతే వేడి సాయం తీసుకోవచ్చు. అసిటోన్ పూర్తిగా ఆరిపోయాక బ్లాకు బయటి వైపు మరుగుతున్న నీళ్లు పోయండి, లేదా హీట్ గన్ పెట్టండి. ఇనుము కంటే అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది. ఆ తేడాకే తుప్పు పట్టు తెగుతుంది. గ్యాస్ టార్చ్ మంట నేరుగా బ్లాకు మీద పెడితే అల్యూమినియం వంకర పోతుంది.

వారం నానబెట్టినా కదల్లేదు. ఇప్పుడు?

హెడ్డు విప్పండి. పైకి కనబడే స్లీవు గోడను నూనె తడిపిన 400 నంబరు ఎమరీతో ముందు శుభ్రం చేయండి. కిందున్న పిస్టన్ పైకి రావాలంటే దాని మీదున్న ఈ తుప్పే అడ్డం. తర్వాత బోరు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు సన్నగా గుండ్రంగా చెక్కిన గట్టి కర్ర ముక్కను పిస్టన్ మీద ఆనించి, చిన్న సుత్తితో కొట్టండి. చిన్న దెబ్బలు, కానీ ఎక్కువ సార్లు. అయితే ఏ పిస్టన్ మీద? పూర్తిగా పైనో పూర్తిగా కిందో ఉన్న పిస్టన్‌ను కొడితే దెబ్బంతా క్రాంకు మీదికే పోతుంది, తిరగదు. కాస్త మధ్యలో ఉన్నదాన్నే కొట్టాలి. రెండూ చివర్లలోనే ఆగి ఉంటే క్రాంకు కేసు విప్పి, రాడ్లను క్రాంకును కలిపి బయటికి తీయడం తప్ప దారి లేదు. క్రాంకు నొక్కి అమర్చిన రకమైతే అది లేత్ పనివాడికి అప్పజెప్పాల్సిన పని.

చేయకూడనివి ఏమిటి?

ఫ్లైవీలును సుత్తితో కొట్టకూడదు. లోపల అతికించిన అయస్కాంతాలు పగులుతాయి, ఊడతాయి. అంచుకు గోళ్ల పుల్లర్ వేసి లాగకూడదు. ఫ్లైవీలులో మరలు ఉన్న కన్నాలు ఉన్నాయి, పుల్లర్‌ను వాటిలోకే బిగించాలి. ప్లగ్గు కన్నంలో గ్రీజు గన్ పెట్టి ఒత్తిడితో పిస్టన్‌ను తోసే పద్ధతి టూ-స్ట్రోక్‌లో సరిగా పనిచేయదు, గ్రీజంతా పోర్టుల్లోంచి కారిపోతుంది. తాడు ఇద్దరు కలిసి లాగడం, గేర్లో వేసి పంకా పట్టి తిప్పడం... వీటికి విరిగేది రికాయిల్ లేదా గేరు పళ్లు.

వదులైపోయింది, ఫ్రీగా తిరుగుతోంది. పెట్రోలు పోసి స్టార్ట్ చేసేయొచ్చా?

వద్దు. తిరగడం వేరు, బాగవడం వేరు. తుప్పు తిన్న గుంటలు స్లీవులో అలాగే ఉంటాయి, గాడిలో ఇరుక్కున్న రింగు వాటి మీద రాసుకుంటుంది. నిమిషానికి నాలుగైదు వేల చుట్లు తిరిగేటప్పుడు ఆ రింగు పోర్టు అంచుకు తగిలి విరిగితే ముక్క సిలిండర్‌నంతా గీసేస్తుంది. అప్పుడు 0.25 మిల్లీమీటర్లు పెద్ద (ఓవర్‌సైజు) పిస్టన్‌తో పోయేది స్లీవు మార్చేదాకా వస్తుంది. విప్పి చూడడానికి అయ్యేది ఒక రోజు, ఒక ప్యాకింగు సెట్టు. సముద్రంలో మధ్యలో ఆగిపోతే లెక్క వేరు.

బోల్టులు విరిగిపోతున్నాయి. ఎలా?

అల్యూమినియంలో స్టీలు బోల్టు, మధ్యలో ఉప్పునీరు ఉంటే అల్యూమినియం తిని తెల్లటి పొడి అవుతుంది. ఆ పొడి ఉబ్బి బోల్టును బిగిస్తుంది. పానా వేసే ముందు బోల్టు తల మీద సుత్తితో రెండు మూడు సూటి దెబ్బలు వేసి, నూనె వేసి, రాత్రంతా వదిలేయండి. తిప్పేటప్పుడు ముందు కాస్త బిగించే వైపు, తర్వాత విప్పే వైపు. బోల్టు పక్కన అల్యూమినియాన్ని హీట్ గన్‌తో వేడి చేస్తే ఇంకా మంచిది. తల మెత్తబడి తిరుగుతోందంటే ఆగండి. ఎం6 బోల్టు తల మామూలుగా 10 సైజు, ఎం8 బోల్టు జపాన్ ఇంజన్లలో 12 సైజు. ఆరు పలకల సాకెట్ వాడాలి, పన్నెండు పలకలది తలను అరగదీస్తుంది.

విరిగిపోతే సరిగ్గా నడిమధ్యలో పంచ్ వేసి, ఎడమ తిప్పుడు డ్రిల్లు బిట్టుతో తొలచండి. చాలాసార్లు తొలుస్తుండగానే ముక్క బయటికొస్తుంది. మర పాడైతే హెలికాయిల్, అంటే కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట, వేయించండి. తిరిగి బిగించేటప్పుడు మరలకు మెరైన్ గ్రీజు పూస్తే వచ్చే ఏడాది ఈ గొడవ ఉండదు.

బోరు బాగుందో లేదో ఎలా తేల్చుకోవాలి?

ముందు గోరుతో. స్లీవు గోడ మీద గీత గోటికి తగిలితే బోరింగ్ వేయించాల్సిందే. తగలకపోతే బోరు గేజ్‌తో పైన, మధ్యలో, కింద మూడు చోట్ల, ప్రతి చోటా రెండు దిశల్లో కొలవండి. పైకీ కిందికీ తేడా 0.08 మిల్లీమీటర్లు, అడ్డానికీ నిలువుకీ తేడా 0.05 దాటితే ఓవర్‌సైజు. యమహాలో 0.25, 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్లు వస్తాయి. పిస్టన్లు చేతిలోకి వచ్చాకే లేత్ షాపుకు వెళ్లండి. బోరు పిస్టన్‌కు తగ్గట్టు కోయాలి, పుస్తకంలో అంకెను బట్టి కాదు. పోర్టుల అంచులకు సన్నగా చాంఫర్ (వాలు) తీయమని ప్రత్యేకంగా చెప్పండి. మోటారు సైకిల్ బోరింగులే ఎక్కువ చేసే షాపుల్లో ఈ ఒక్కటీ మర్చిపోతారు, రింగులు విరిగేది దానివల్లే.

పిస్టన్ అల్యూమినియం స్లీవుకు పూసుకుపోయి ఉంటే దాన్ని గీకకండి. బాత్‌రూం కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను ఇయర్‌బడ్‌తో ఆ మచ్చ మీద మాత్రమే అద్దండి. నురగ వస్తుంది, అంటే అల్యూమినియం కరుగుతోంది. నురగ ఆగిపోయిందంటే మిగిలింది ఇనుమే. వెంటనే నీళ్లతో కడిగి, తుడిచి, నూనె రాయండి. ఒక్క చుక్క బ్లాకు అల్యూమినియం మీద పడినా దాన్నీ తినేస్తుంది. చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు, గాలి ఆడే చోటు తప్పనిసరి.

కొత్త పిస్టన్ ఎక్కించేటప్పుడు ఏ వైపు?

పిస్టన్ నెత్తి మీద 'అప్' అని గుర్తు ఉంటే అది ఫ్లైవీలు వైపు. రింగు చివర్లు గాడిలోని చిన్న పిన్నుకు రెండు వైపులా కూర్చోవాలి. కారు పిస్టన్‌లా ఇష్టమొచ్చినట్టు తిప్పితే రింగు చివర పోర్టులోకి జారి విరుగుతుంది. సర్‌క్లిప్పులు పాతవి మళ్లీ వాడొద్దు. కొన్ని మోడళ్లలో కనెక్టింగ్ రాడ్డు చిన్న చివర ఉండే బేరింగు సూదులు విడివిడిగా ఉంటాయి. తీసేటప్పుడు కింద తెల్ల గుడ్డ పరిచి లెక్కపెట్టుకోండి, ఎక్కించేటప్పుడు గ్రీజుతో అతికించి అదే లెక్క వచ్చేలా చూడండి.

క్రాంకు బేరింగులు, సీళ్లు మార్చాలా?

బేరింగును కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, వేలితో తిప్పండి. గరగర వినబడితే, బంతుల మీద నల్లటి చుక్కలు కనబడితే మార్చేయండి. సీళ్ల విషయంలో ఆలోచించొద్దు, పైదీ కిందిదీ రెండూ కొత్తవే వేయండి. టూ-స్ట్రోక్‌లో క్రాంకు కేసు ఒత్తిడి మీదే పెట్రోలు మిశ్రమం పైకి వెళ్తుంది. పై సీలు గట్టిపడి గాలి పీలిస్తే మిశ్రమం పలచబడి, పై సిలిండర్ పిస్టన్ కాలుతుంది. కింది సీలు పోతే ఎగ్జాస్టూ నీటి ఆవిరీ లోపలికొస్తాయి. బోరింగ్ వేయించిన ఇంజను మూడు నెలల్లో మళ్లీ పట్టేసిందంటే మొదట అనుమానించాల్సింది ఈ సీళ్లనూ వాటర్ పంపునూ. క్రాంకు కేసు రెండు ముక్కల మధ్య ప్యాకింగు కాగితం ఉండదు, కంపెనీ చెప్పిన సీలెంట్ పలుచగా పూస్తారు. సిలికాన్ దట్టంగా పూస్తే అది పిండుకుని బేరింగుల్లో పడుతుంది.

గేరు పెట్టె పట్టేసింది. విప్పకుండా దారి ఉందా?

కింది డ్రెయిన్ స్క్రూ విప్పి చూడండి. ముందు నీళ్లు వచ్చి, తర్వాత పాలలాంటి ఆయిలు వస్తే సీళ్లు పోయాయి. మొత్తం వంపేసి, డీజిల్ నింపి రెండు రోజులు ఉంచి, పంకా షాఫ్టును చేత్తో తిప్పి చూడొచ్చు. కదిలినా సరే విప్పాల్సిందే, లోపలి బేరింగుల మీద తుప్పు ఉంటుంది. పంకా వెనక చుట్టుకున్న వల దారం, నైలాన్ తీగ సీలును కోసేయడమే ఈ నీళ్లు దూరడానికి సగం కారణం. నెలకోసారి పంకా తీసి చూస్తే గేరు పెట్టె బతుకుతుంది.

కొత్త సీళ్లు వేశాక పైకన్నం నుంచి కిలో ఒత్తిడి గాలి పట్టి పది సెకన్లు నిలుస్తుందో లేదో చూడండి. ఆయిలు ఎస్ఏఈ 90, జీఎల్-4 గ్రేడు. కింది కన్నంలోంచే ఎక్కించాలి, పై కన్నంలోంచి బుడగలు లేకుండా కారేదాకా. పైనుంచి పోస్తే గాలి చిక్కుకుంటుంది. ముందు పై స్క్రూ బిగించి, తర్వాత కిందిది తిప్పి మూసేయండి. 15 హార్స్‌పవర్‌కు పట్టేది దాదాపు 250 మిల్లీలీటర్లు. స్క్రూ వాషర్లు కొత్తవి వేయాలి.

ఇంపెల్లర్ బాగానే కనిపిస్తోంది. మార్చాలా?

మార్చండి. ఏళ్ల తరబడి ఒకే వైపు వంగి కూర్చున్న రబ్బరు ఆకులు ఇక నిటారుగా నిలవవు. కొత్తది ఎక్కించేటప్పుడు షాఫ్టును గడియారం దిశలో తిప్పుతూ హౌసింగును కిందికి నొక్కండి, ఆకులు సరైన వైపుకు వంగుతాయి. కింది స్టీలు ప్లేటు, పైకప్పు గీతలు పడి ఉంటే అవి కూడా మార్చాలి. ఇంపెల్లర్‌ను పట్టి ఉంచే చిన్న కీ జారి ఇసకలో పడితే దొరకదు, జాగ్రత్త. పాత ఇంపెల్లర్ ఆకు విరిగి ఉంటే ఆ ముక్క ఎక్కడికి పోయిందో వెతికి తీరాలి. అది పైకి పోయి నీటి దారిలో అడ్డుపడి ఉంటుంది.

థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి నీటి దారి తెరిచే వాల్వు, తీసి వేడి నీళ్లలో వేయండి. ఈ ఇంజన్లలో 50 డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి. "మన వేడికి థర్మోస్టాట్ ఎందుకు" అని తీసి పారేస్తుంటారు. అప్పుడు ఇంజను చల్లగా నడిచి, నెమ్మది స్పీడులో కార్బన్ పేరుకుని, రింగులు అతుక్కుంటాయి. లోయర్ యూనిట్ ఎక్కించేటప్పుడు షాఫ్టు పళ్లకు గ్రీజు రాయండి, పైకొసకు మాత్రం రాయొద్దు. అక్కడ గ్రీజు నిండితే షాఫ్టు పూర్తిగా కూర్చోదు.

కార్బురేటర్, పెట్రోలు లైను సంగతి?

పాత పెట్రోలు ఆరి జిగురవుతుంది. జెట్లను విప్పి, కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి, గాలి పట్టండి. తీగతో పొడిస్తే కన్నం పెద్దదవుతుంది. ఐడిల్ స్క్రూను మెల్లగా లోపలికి ఆనేదాకా తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి విప్పి మొదలుపెట్టండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత కాలపు రబ్బరు పైపులు, ఫ్యూయల్ పంపు డయాఫ్రం దానికి తట్టుకోవు, ఉబ్బి మెత్తబడతాయి. పైగా ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, నీళ్లు ఎక్కువైతే ఇథనాలూ నీళ్లూ కలిసి ట్యాంకు అడుగున విడిగా నిలుస్తాయి. అందులో టూ-స్ట్రోక్ ఆయిలు కలవదు. ఇంజను ఆ అడుగు పీల్చిందంటే ఆయిలు లేకుండా నడిచినట్టే. పైపులు, బల్బు, డయాఫ్రం మార్చండి. కలిపిన పెట్రోలును రెండు వారాలకు మించి నిల్వ ఉంచకండి.

స్పార్కు రావడం లేదు.

ముందు ఎర్ర తాడు క్లిప్పు, అదే కిల్ స్విచ్ లాన్యార్డ్, దాని చోట ఉందా? నవ్వొద్దు, సీడీఐ (స్పార్కును నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) కొత్తది కొనేశాక క్లిప్పు గుర్తొచ్చినవాళ్లు ఉన్నారు. తర్వాత ప్లగ్గు క్యాపులు, ఎర్తు వైర్ల చివరి చిలుము. ఫ్లైవీలు తీసి కింద కాయిళ్లు తుప్పు పట్టాయేమో చూడండి. టెస్టరులో 9 మిల్లీమీటర్ల ఖాళీ దాటి నీలం మెరుపు రావాలి. ప్లగ్గు 15 హార్స్‌పవర్‌కు ఎన్‌జీకే బీ7హెచ్ఎస్-10. చివర 10 ఉంటే గ్యాప్ 1 మిల్లీమీటరు. ఫ్లైవీలు తిరిగి ఎక్కించేటప్పుడు షాఫ్టు కోనూ, ఫ్లైవీలు కన్నమూ పొడిగా తుడవండి, నూనె ఉండకూడదు.

ఆయిలు ఎంత కలపాలి?

రింగులు, పిస్టన్లు కొత్తవైతే మొదటి 10 గంటలు 25కు 1, అంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు. తర్వాత 50కి 1, లీటరుకు 20 మిల్లీలీటర్లు. 25 లీటర్ల ట్యాంకుకైతే మొదట లీటరు, తర్వాత అరలీటరు. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉండాలి. స్కూటర్ టూ-టీ ఆయిలు గాలితో చల్లబడే ఇంజన్ల కోసం చేసింది, నీళ్లతో చల్లబడే ఇంజనులో బూడిద, కార్బన్ మిగులుస్తుంది. ఆయిలు ఎక్కువ పోస్తే ఇంజను ఎక్కువ కాలం వస్తుందనుకోవడం కూడా పొరపాటే. ఆయిలు పెరిగిన కొద్దీ అదే పైపులో పెట్రోలు తగ్గుతుంది, ప్లగ్గులు మూసుకుపోతాయి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు?

ముందు కంప్రెషన్, అంటే సిలిండర్లో పుట్టే ఒత్తిడి, గేజ్‌తో చూడండి. రెండు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, నాలుగైదుసార్లు తాడు లాగండి. రెండు సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపు ఉండాలి.

200 లీటర్ల డ్రమ్ములో మంచినీళ్లు నింపి, పంకా తీసేసి, ఆరుబయట పెట్టండి. నీళ్లు పంకా పైనున్న అడ్డపలక దాటి ఒక జానెడు ఉండాలి. స్టార్టయిన అర నిమిషంలో వెనక కన్నంలోంచి నీటి ధార రావాలి. రాకపోతే వెంటనే ఆపండి. "కాసేపుంటే వస్తుందిలే" అని చూస్తే బోరింగ్ డబ్బులు ఆ కాసేపట్లోనే పోతాయి. మొదట తెల్లటి పొగ బాగా వస్తుంది, నానబెట్టిన నూనె అది. పది నిమిషాల తర్వాత హెడ్డు మీద చెయ్యి ఆనించి ఉంచగలగాలి.

బోటుకు బిగించాక మొదటి గంట సగం థ్రాటిల్ దాటొద్దు. రెండో గంట ముప్పావు. తర్వాతి ఎనిమిది గంటల్లో ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా ఐదు నిమిషాలకు మించి కాదు. చివరగా హెడ్డు బోల్టుల్ని చల్లారిన ఇంజను మీద, మధ్య నుంచి బయటికి, మాన్యువల్‌లోని టార్కుకు మళ్లీ చూసుకోండి.

కిరోసిన్ కలిపి నడపొచ్చా?

కిరోసిన్ మోడల్ అని కొన్నదైతే నడపొచ్చు. దాని కంప్రెషన్ తక్కువ. పెట్రోలుతో స్టార్ట్ చేసి వేడెక్కాక కిరోసిన్‌కు మార్చాలి, ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు రావాలి. పెట్రోలు మోడల్‌లో కిరోసిన్ పోస్తే ఇంజను కొట్టుకుంటుంది, పిస్టన్ నెత్తి మీద కార్బన్ గట్టిపడుతుంది, రింగులు గాడిలో అతుక్కుంటాయి. మీరు విప్పుతున్న ఇంజనులో రింగులు నల్లటి కార్బన్‌తో బిగుసుకుని ఉన్నాయంటే తుప్పుకు ముందు జరిగిన కథ అదే.

ఇంజను నిన్న సముద్రంలో పడింది. ఇంకా పట్టేయలేదు. ఏం చేయాలి?

పైకి తీశాక గాలి తగిలిన గంటల్లోనే తుప్పు మొదలవుతుంది. మెకానిక్కు దొరికేదాకా ఆగాల్సి వస్తే, వినడానికి వింతగా ఉన్నా, ఇంజనును మంచినీళ్ల తొట్టిలో ముంచి ఉంచండి. గాలి తగలకపోవడమే ముఖ్యం. పని మొదలుపెట్టగలిగితే: మంచినీళ్లతో లోపలా బయటా కడగండి, ప్లగ్గులు తీసి కన్నాలు కిందికి ఉండేలా వంచి ఫ్లైవీలు మెల్లగా తిప్పి నీళ్లు వదలండి. ఎక్కడైనా తగిలినట్టు అనిపిస్తే ఆపండి, రాడ్డు వంగి ఉంటుంది. సిలిండర్లలోనూ కార్బురేటర్లోనూ స్పిరిట్ పోసి మిగిలిన తేమ లాగేయండి, తర్వాత టూ-స్ట్రోక్ ఆయిలు పోసి తిప్పండి. కార్బురేటర్ విప్పి కడిగి, కొత్త పెట్రోలుతో అదే రోజు అరగంట నడపండి. నడపకుండా ఆయిలు పోసి పెట్టేస్తే బేరింగుల్లో మిగిలిన ఉప్పు తన పని తాను చేసుకుపోతుంది.

వేట నిషేధం రెండు నెలలూ ఎలా దాచాలి?

చివరి ట్రిప్పు తర్వాత డ్రమ్ములో మంచినీళ్ల మీద 15 నిమిషాలు నడపండి. ఆపబోయే ముందు పెట్రోలు పైపు తీసేసి, కార్బురేటర్ ఖాళీ అవుతుండగా దాని మూతిలోకి ఫాగింగ్ ఆయిలు (లోపల తుప్పు పట్టకుండా కాపాడే నూనె స్ప్రే) కొట్టండి, ఇంజను పొగలు కక్కి దానంతటదే ఆగాలి. ప్లగ్గు కన్నాల్లో చెరో చెంచా టూ-స్ట్రోక్ ఆయిలు పోసి, రెండు మూడుసార్లు తాడు లాగి, ప్లగ్గులు పెట్టేయండి. గేరు ఆయిలు ఇప్పుడే మార్చండి, జూన్‌లో కాదు. లోపలికి నీళ్లు వచ్చి ఉంటే రెండు నెలలు అందులోనే బేరింగులు నానతాయి. ఇంజను లోహానికి బదులు తాను తుప్పు తినే జింకు ముక్క సగం అరిగి ఉంటే మార్చండి, దానికి పెయింట్ వేయొద్దు. ఇంజనును స్టాండు మీద నిలువుగానే ఉంచండి. పడుకోబెట్టాల్సి వస్తే పై ఇంజను ఎప్పుడూ కింది కాలి కంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే ఎగ్జాస్టులో మిగిలిన నీళ్లు సిలిండర్లోకి జారతాయి. పదిహేను రోజులకోసారి న్యూట్రల్‌లో తాడు మెల్లగా రెండుసార్లు లాగించండి. ఇంట్లో పిల్లాడికి చెప్పినా చేస్తాడు.